నాన్న ఫాస్ట్ ఫుడ్ షాపు తీసుకోవచ్చా? రెండో తరం యజమాని జవాబు

తమ్ముడూ, నువ్వు అడిగింది క్లుప్తంగా ఇదీ. వయసు 26, బీటెక్ అయ్యి హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం. ఊళ్లో నాన్నగారు చాలా ఏళ్లుగా ఫాస్ట్ ఫుడ్ సెంటర్ నడుపుతున్నారు. ఈమధ్యే స్టెంట్ వేశారు, రాత్రిళ్లు మేలుకోవద్దని డాక్టర్ గట్టిగా చెప్పాడు. అమ్మ వచ్చేసి షాపు చూసుకోమంటోంది. చెల్లి పెళ్లి ఇంకా కాలేదు. రోజుకు గల్లా 30 వేలు వస్తోంది కాబట్టి ఉద్యోగం కంటే ఇదే మేలేమో, అసలు ఆ బతుకు ఎలా ఉంటుంది అని అడిగావు.

మాదీ ఇంచుమించు ఇదే కథ. ఒంగోలులో నాన్న నూడుల్స్ బండితో మొదలుపెట్టి షాపు దాకా తెచ్చిన వ్యాపారం ఇప్పుడు నేను నడుపుతున్నాను. అందుకని నాన్చకుండా చెప్తాను. మీ షాపులో కంటికి కనబడేవి, అంటే బర్నర్లు, ఫ్రిజ్, టేబుళ్లు, బోర్డు అన్నీ సెకండ్ హ్యాండ్‌లో అమ్మితే నాలుగు లక్షలు కూడా రావు. అసలు వ్యాపారం మీ నాన్న బుర్రలో ఉంది, చేతిలో ఉంది, ఆయన నోటి మాట మీద నడుస్తోంది. ఎంత మసాలా వెయ్యాలి, ఏ చికెన్ షాపువాడికి ఎంత బాకీ, ఏ మాస్టర్‌కి, అంటే బర్నర్ దగ్గర వంట చేసేవాడికి, ఎంత అడ్వాన్స్ ఇచ్చారు, షాపు ఓనర్‌తో అద్దె సంగతి ఏం మాట్లాడుకున్నారు, ఇవేవీ ఎక్కడా రాసి ఉండవు. ఆయన కౌంటర్ దగ్గర కూర్చోగలిగినన్నాళ్లలోనే అదంతా కాగితం మీదికి దింపుకోగలిగితే తీసుకో. దానికి ఆయన ససేమిరా అంటే మాత్రం ఉద్యోగం వదలొద్దు.

ముందు గల్లా సంగతి తేల్చుకుందాం. 30 వేలు గల్లా అంటే 30 వేలు సంపాదన కాదని నీకూ తెలుసు. కానీ నిజంగా ఎంత మిగులుతోందో మీ ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలిసి ఉండదు. మీ నాన్నకి కూడా. చిన్న ఊళ్లో నడిచే షాపు చొప్పున సుమారుగా లెక్క వేస్తాను, మీ అంకెలు వేరుగా ఉంటే మార్చుకో. నెలకు 26 రోజులు అనుకుంటే అమ్మకం 7 లక్షల 80 వేలు. చికెన్, గుడ్లు, బియ్యం, నూనె, సాసులు, కూరగాయలకు నూటికి 40 పైనే పోతుంది, 3 లక్షల 30 వేలు వేసుకో. ఇద్దరు మాస్టర్లు, ఇద్దరు హెల్పర్లు, ప్లేట్లు కడిగే మనిషి, పార్సిల్ కట్టే కుర్రాడు, వాళ్ల జీతాలు, తిండి, రూము అద్దె కలిపి లక్షా 30 వేలు. షాపు అద్దె 40 వేలు. రెండు బర్నర్లు గట్టిగా మండితే 19 కిలోల కమర్షియల్ సిలిండర్ రోజుకొకటి ఖాళీ అవుతుంది, దానికి 50 వేలు. కరెంటు, డబ్బాలు, కవర్లు ఇంకో 40. ఇప్పటికి మిగిలింది లక్షా 90 వేలు.

ఇంకా అవలేదు. ఆర్డర్లలో నాలుగో వంతు స్విగ్గీ, జొమాటోల మీద వస్తుంటే కమిషన్, డిస్కౌంట్లు, వాళ్ల యాడ్స్ కలిపి 45 వేల దాకా ఎగిరిపోతాయి. జీఎస్టీ 5 శాతం. 2022 జనవరి నుంచి యాప్ ఆర్డర్ల మీద ఆ పన్ను యాప్ వాళ్లే కడుతున్నారు, షాపులో అమ్మినదానిమీద మనం కట్టాలి. ఈ 5 శాతంలో ఉన్నవాళ్లకి ఇన్‌పుట్ క్రెడిట్ రాదు, అంటే ఫ్రిజ్ కొన్నా డబ్బాలు కొన్నా కట్టిన పన్ను వెనక్కి రాదు. ఆపైన బర్నర్ రిపేరు, పాడైపోయిన చికెన్, ఊరికే తిని పోయేవాళ్లు (ఎవరో నేను చెప్పక్కర్లేదు, నీకు తెలుసు). చివరికి చేతిలో పడేది లక్షకు అటూ ఇటూ. దాంట్లోంచే మీ ఇల్లు నడవాలి, నాన్న కట్టే చీటీ కట్టాలి, లోన్ ఉంటే కిస్తీ కట్టాలి. ఇప్పుడు నీ జీతం పక్కన పెట్టి చూసుకో. తక్కువేం కాదు. కానీ మీ అమ్మ చెప్పే 30 వేల గల్లాకీ దీనికీ చాలా దూరం.

ఇక బతుకు ఎలా ఉంటుందంటే, పొద్దున మనుషులు ఆఫీసులకు పోయేటప్పుడు నువ్వు నిద్రలో ఉంటావు. పదింటికి చికెన్, కూరగాయలు. మధ్యాహ్నం రెండుకల్లా అన్నం వండి ఆరబెట్టాలి. ఐదున్నరకు బర్నర్ వెలగాలి. ఏడున్నర నుంచి పది దాకా ఊపిరి ఆడదు. పదకొండున్నరకు షట్టర్ సగం దించి గల్లా లెక్క, ఇంటికెళ్లేసరికి ఒంటిగంట. ఆదివారం, పండగ, ఇండియా మ్యాచ్, డిసెంబర్ 31, జనం సరదాగా ఉండే రోజులన్నీ నీకు పనిరోజులే. మా బంధువుల్లో రాత్రి ముహూర్తం పెళ్లిళ్లు నేను ఫోటోల్లో చూసినవే ఎక్కువ. ఐటీలో నైట్ షిఫ్ట్ చేశాను కదా అనుకోకు. అక్కడ కుర్చీ ఉంటుంది, ఏసీ ఉంటుంది. ఇక్కడ బర్నర్ పక్కన మే నెలలో నిలబడి చూడు.

గల్లా లెక్క అన్నాను కదా, దాని గురించి కొంచెం చెప్పాలి. నోట్లు తక్కువైపోయాయి, మూడొంతులు క్యూఆర్ కోడ్ మీదే వస్తోంది. ఆ కోడ్ ఎవరి ఖాతాకి పోతోందో మొదటిరోజే చూడు. మీ నాన్న పాత సేవింగ్స్ ఖాతా కావచ్చు, మెసేజ్‌లు వచ్చే నంబర్ ఇంట్లో డొక్కు ఫోన్‌లో ఉండవచ్చు. మన స్టిక్కర్ మీద వేరే స్టిక్కర్ అంటించే దొంగతనం చాలా ఊళ్లలో జరిగింది. కాబట్టి సౌండ్ బాక్స్ పలకాలి, పలికింది టోకెన్‌తో సరిపోవాలి. నగదు, యూపీఐ, యాప్, అప్పు అని నాలుగు గడులు గీసి రోజూ రాత్రి రాయి. నెల తిరిగేసరికి ఆ నోట్‌బుక్కే నీకు షాపు ఏమిటో చెప్తుంది.

ఇప్పుడు అసలు సంగతి, రుచి. మా నాన్న చికెన్ 65 కలిపేటప్పుడు కొలత అడిగితే "చూసుకుని వేసుకోవాలిరా" అనేవాడు. ఎంత అడిగినా అంతే. చివరికి బేసిన్‌ని ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టి, ఆయన వేసే ప్రతి పిడికెడుకీ అంకె రాసుకోవడం మొదలుపెట్టాను. పది కిలోల చికెన్‌కి ఉప్పు దాదాపు ఒకేలా వచ్చేది, కారం కూడా. కార్న్ ఫ్లోర్ మాత్రం రోజుకో రకంగా ఉండేది. చేయి తప్పుతోందేమో అనుకున్నాను. తర్వాత గమనిస్తే, ఆయన పొడి వెయ్యకముందు ఒక ముక్క తీసి గుప్పెట్లో పిండేవాడు. నీళ్లు కారితే పిండి ఎక్కువ, కారకపోతే తక్కువ. ఐసు పెట్టి తెచ్చిన చికెన్‌కీ అప్పుడే కోసిన చికెన్‌కీ తేడా అది. ఆ పిండడం ఆయనకే తెలియకుండా చేసేవాడు, అడిగితే "నేనెక్కడ పిండాను" అన్నాడు కూడా. అందుకని మీ నాన్న చెప్పింది మాత్రమే రాసుకుంటే చాలదు. పక్కన నిలబడి ఆయన చెయ్యి చూడు. ఫోన్‌లో వీడియో తీసుకో.

ఇంకో మాట. సాసులు, మసాలా పొడి షాపులో మాస్టర్ చేత కలిపించొద్దు. ఇంటి దగ్గర కలిపి డబ్బాల్లో పంపండి. దీనికి మాస్టర్ల మీద అనుమానం కారణం కాదు. ఈ లైన్‌లో మాస్టర్ నిలకడగా ఉండడు, రెండు వేలు ఎక్కువిస్తామంటే ఎదురు షాపుకి పోతాడు, అది అతని హక్కు. అతను వెళ్లినా మంచూరియా రుచి వెళ్లకూడదు, అంతే. ఇప్పుడు చాలా ఊళ్లలో మాస్టర్లు ఒడిశా, బెంగాల్, నేపాల్ వైపు నుంచి వస్తున్నారు. పండక్కి ఊరెళ్లేటప్పుడు అడ్వాన్స్ అడుగుతారు. ఇస్తే తిరిగి వస్తాడో రాడో, ఇవ్వకపోతే అసలు రాడు. మీ నాన్న ఇచ్చిన అడ్వాన్స్‌లు ఎవరి దగ్గర ఎంతున్నాయో ఆయన్నే కూర్చోబెట్టి రాయించు.

మాస్టర్లు నిన్ను మొదట్లో లెక్క చెయ్యరు. "చిన్న ఓనర్" అని పిలుస్తారు, పని మాత్రం మీ నాన్న మొహం చూసి చేస్తారు. నువ్వు వెళ్లిన వారంలోనే మెనూ మార్చి, టైమింగ్స్ మార్చి, ల్యాప్‌టాప్ తెరిచి కూర్చుంటే ఇద్దరిలో ఒకడు మానేస్తాడు. కొన్నాళ్లు ఉల్లిపాయలు కొయ్యి, పార్సిల్ కట్టు, రద్దీలో టోకెన్లు పిలువు. 

దీనికి అమెరికాలో ఒక ఉదాహరణ ఉంది. ఇన్-ఎన్-అవుట్ అనే బర్గర్ కంపెనీ. 1948లో కాలిఫోర్నియాలోని బాల్డ్విన్ పార్క్‌లో హ్యారీ, ఎస్తర్ స్నైడర్ అనే మొగుడూ పెళ్లాలు పెట్టారు. 1976లో హ్యారీ పోయాక చిన్నకొడుకు రిచ్ ఇరవై నాలుగేళ్లకే పగ్గాలు పట్టాడు, షాపులు బాగా పెంచాడు, 1993లో విమాన ప్రమాదంలో పోయాడు. తర్వాత వచ్చిన అన్న గై కూడా 1999లో చనిపోయాడు. మిగిలింది ముసలావిడ ఎస్తర్, గై కూతురు లిన్సీ. లిన్సీ టీనేజ్‌లో ఓ బ్రాంచిలో మామూలు పనిపిల్లలా లెట్యూస్ ఆకులు విడదీసే దగ్గర మొదలుపెట్టి, వేర్వేరు విభాగాలు తిరిగి, 2010లో 27 ఏళ్లకి ప్రెసిడెంట్ అయింది. పేరు స్నైడర్ అయినా కుర్చీ నేరుగా దొరకలేదు. ఆస్తి కూడా ఒక్కసారి చేతికి రాలేదు, ట్రస్టులో పెట్టి వయసును బట్టి విడతలుగా వచ్చేలా రాశారు, పూర్తి వాటా 35 ఏళ్లకి దక్కింది. వరసగా ఇన్ని చావులు పడ్డా కంపెనీ ముక్కలు కాలేదంటే కాగితాలు సరిగ్గా ఉండటం ఒక కారణం అని నా అభిప్రాయం. ఇంకోటి, వాళ్లు ఫ్రాంచైజీ ఇవ్వలేదు, మెనూ పెద్దగా పెంచలేదు. మనవాళ్లు షాపు కాస్త నడవగానే బిర్యానీ, షవర్మా, మొమోస్, పిజ్జా అన్నీ బోర్డు మీద రాసేస్తారు.

పేరు ఎవరిదో తేలకపోతే ఏమవుతుందో మన దేశంలోనే చూడొచ్చు. హల్దీరామ్స్ వాళ్లది బికనీర్‌లో 1937 నాటి చిన్న భుజియా కొట్టు. కుటుంబం కోల్‌కతా, నాగపూర్, ఢిల్లీ అని విడిపోయింది. ఆ పేరు ఎవరు ఎక్కడ వాడుకోవాలనే దానిమీద ఢిల్లీ, కోల్‌కతా శాఖలు ఏళ్ల తరబడి కోర్టుల్లో కొట్టుకున్నాయి. మీ షాపుకి మీ చెల్లి పేరో, నానమ్మ పేరో పెట్టారనుకో. రేపు మీ బాబాయి కొడుకు పక్క సెంటర్లో అదే పేరుతో బోర్డు పెడితే ఏం చేస్తావు? ట్రేడ్‌మార్క్ వేయించడానికి పెద్ద ఖర్చేం కాదు.

కాగితాల సంగతి ఇంకొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే స్టెంట్ వేశారన్నావు. అపశకునం అనుకోకు. మీ షాపు మీ నాన్న సొంత పేరు మీద ప్రొప్రైటర్‌షిప్‌గా ఉండి ఉంటుంది. అప్పుడు జీఎస్టీ నంబర్ ఆయన పాన్‌కి కట్టుబడి ఉంటుంది, నీకు బదిలీ కాదు. ఆయన తర్వాత నువ్వు నీ పాన్ మీద కొత్తగా తీసుకోవాల్సిందే. ఫుడ్ లైసెన్స్ ఉన్న మనిషి పోతే అది వారసుల కోసం 90 రోజులు చెల్లుతుంది, అధికారి ఒప్పుకుంటే ఇంకొన్నాళ్లు. ఆ లోపు పేరు మార్పించుకోవాలి. అద్దె అగ్రిమెంట్, గ్యాస్ కనెక్షన్, కరెంటు మీటర్, మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్స్, యాప్‌లలో లాగిన్ అయ్యే ఫోన్ నంబర్ ఎవరి పేరుతో ఉన్నాయో ఒక్కొక్కటీ చూసి ఒకే ఫైల్‌లో పెట్టు.

చెల్లి గురించి. వీలునామా లేకుండా మీ నాన్న పోతే ఆయన స్వార్జితంలో అమ్మకీ, నీకూ, చెల్లికీ సమాన వాటాలు. నానమ్మ ఉంటే ఆవిడకీ ఒక వాటా. "కట్నం ఇచ్చి పంపాం కదా" అనే మాట చట్టం ముందు నిలవదు. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకి హక్కు ఇస్తూ మన రాష్ట్రంలో ఎన్టీఆర్ హయాంలోనే చట్టం మార్చారు, 2005లో దేశమంతటికీ వచ్చింది. నువ్వు పదేళ్లు చెమటోడ్చి షాపుని రెట్టింపు చేశాక వాటాల మాట వస్తే నీకు కడుపు మండుతుంది, మాట రాకుండా ఊరుకుంటే చెల్లికి అన్యాయం జరుగుతుంది. అందుకని ఇప్పుడే, నాన్న ఉండగానే, ఈ రోజు షాపు విలువ ఎంతో అందరి ముందూ తేల్చండి. ఆ విలువలో చెల్లి వాటా ఏమిటో రాయండి. ఆ తర్వాత పెరిగేది నీ కష్టం.

చాలామంది ఆడిటర్లు తండ్రీకొడుకుల మధ్య పార్ట్‌నర్‌షిప్ డీడ్ రాసేస్తారు. అది మంచిదే, ఫర్మ్‌కి వేరే పాన్, వేరే జీఎస్టీ వస్తాయి. అయితే పార్ట్‌నర్లు ఇద్దరే ఉండి ఒకరు పోతే ఫర్మ్ అక్కడితో రద్దయిపోతుంది. కాబట్టి అమ్మనో చెల్లినో మూడో పార్ట్‌నర్‌గా చేర్చి, ఒకరు పోయినా ఫర్మ్ కొనసాగుతుందని డీడ్‌లో రాయించు. ఇది చిన్న వాక్యం, ఆడిటర్ మర్చిపోతే నువ్వే గుర్తు చెయ్యి.

అందులోనే నీకు నెల జీతం కూడా రాయించుకో. దీని గురించి ఎవరూ చెప్పరు. వారసుడికి జీతం ఉండదు, అవసరమైనప్పుడు గల్లాలోంచి తీసుకుంటాడు. సినిమాకి ఐదొందలు, బండి సర్వీసింగ్‌కి మూడువేలు. నెలాఖరుకి ఎంత తీశావో నీకే తెలియదు. ఇంట్లో మాత్రం "వాడి చేతిలోనే కదా గల్లా" అని ఒక మాట పుడుతుంది. ఒకటో తారీఖున నీ ఖాతాలో జీతం పడాలి, గల్లా ముట్టుకోకూడదు. పెళ్లయ్యాక దీని విలువ ఇంకా బాగా తెలుస్తుంది.

పెళ్లి అన్నాను కదా. సంబంధాలు చూసేటప్పుడు "అబ్బాయి ఏం చేస్తాడు" అంటే "ఐటీ" అన్నంత తేలిగ్గా "ఫాస్ట్ ఫుడ్" అనలేరు మనవాళ్లు. "ఫుడ్ బిజినెస్" అంటారు, "రెస్టారెంట్" అంటారు. నీ జీతం కంటే ఎక్కువ మిగులుతున్నా సరే. దాన్ని పట్టించుకోవద్దు కానీ, వచ్చే అమ్మాయికి మాత్రం రాత్రి ఒంటిగంట సంగతి ముందే చెప్పు.

శుభ్రత విషయంలో మీ నాన్నతో గొడవ పెట్టుకోవాల్సి వస్తే రెండు చోట్ల పెట్టుకో, మిగతావి వదిలెయ్. ఒకటి అన్నం. ఫ్రైడ్ రైస్‌కి పొడిపొడిగా చల్లారిన అన్నం కావాలి కాబట్టి చాలా షాపుల్లో మధ్యాహ్నం వండి రాత్రి దాకా గుట్టగా బయటే ఉంచుతారు. వండిన అన్నంలో బతికి ఉండే ఒక రకం బ్యాక్టీరియా ఆ వేడిలో పెరిగి విషం తయారు చేస్తుంది, తర్వాత బర్నర్ మీద ఎంత వేయించినా ఆ విషం పోదు. పెద్ద ట్రేల్లో పలచగా పరిచి, ఆవిరి పోగానే ఫ్రిజ్‌లో పెట్టించు. రుచి కూడా బాగుంటుంది, మెతుకు విడిపోతుంది, కాబట్టి నాన్న ఒప్పుకుంటాడు. రెండోది నూనె. 2018 జూలై నుంచి రూలు ఏమిటంటే, కాగిన నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్స్ అనేవి 25 శాతం దాటితే వాడకూడదు. కొలిచే మీటర్ దొరుకుతుంది. నల్లబడి నురగ కడుతుంటే మీటర్ కూడా అక్కర్లేదు. పాత నూనెని తోపుడు బండ్ల వాళ్లకి అమ్మొద్దు, బయోడీజిల్ కోసం తీసుకునేవాళ్లకే ఇవ్వు.

కార్తీక మాసం, అయ్యప్ప మాలల రోజుల్లో చికెన్ పడిపోతుంది, అది ఏటా వచ్చేదే, గోబీ, పనీర్, మష్రూమ్ ముందుకు తెచ్చుకుంటే గట్టెక్కుతాం. చెప్పకుండా వచ్చేవి వేరు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ తేలగానే అక్కడికి దూరంగా ఉన్న ఊళ్లలో కూడా జనం చికెన్ ముట్టలేదు. అలాంటప్పుడు జీతాలు ఆగవు, అద్దె ఆగదు. రెండు నెలల ఖర్చు వేరే ఖాతాలో లేకుండా రెండో బ్రాంచి ఊసెత్తకు.

ఇక మీ నాన్న. ఆయన్ని ఇంట్లో కూర్చోబెడదామనే ఆలోచన ఉంటే మానుకో. రాత్రి పని ఆపించు, పగలు పని ఇవ్వు. చికెన్ బేరం, కూరగాయల మార్కెట్, పాత కస్టమర్లతో మాటలు, మసాలా కలపడం ఆయనవి. సాయంత్రం ఏడు దాటాక షాపు నీది, అప్పుడు ఆయన మాస్టర్‌కి ఏమీ చెప్పకూడదు, చెప్పాలనుకుంటే నీకు చెప్పాలి. ఇది అమ్మ ముందు మాట్లాడుకోండి. కౌంటర్ దగ్గర మాత్రం ఎప్పుడూ వాదించుకోవద్దు, మాస్టర్లు అదే చూస్తుంటారు. "మీ నాన్నగారున్నప్పుడు ఇలా ఉండేది కాదండీ" అనే కస్టమర్ రోజూ ఒకడు వస్తాడు. నిజంగా రుచి తేడా ఉందా అని ప్లేటు తీసుకుని తిని చూడు. లేకపోతే నవ్వి ఊరుకో.

ఉద్యోగం ఇప్పుడే వదలకు. సెలవు కానీ వర్క్ ఫ్రమ్ హోమ్ కానీ అడిగి, ఊళ్లో ఉండి ఓ సీజన్ చూడు. ఆ కొన్ని నెలల్లో కాటా మీద తూకాలు, బాకీల లెక్క, కాగితాల ఫైలు, ఈ మూడూ పూర్తయితే రాజీనామా గురించి ఆలోచించు. అన్నిటికంటే ముందు అద్దె అగ్రిమెంట్ వెతుకు. చాలా షాపుల్లో 11 నెలలది ఒకటి రాసి ఏళ్ల తరబడి అలాగే వదిలేస్తారు, ఓనర్ కొడుకు చేతికొచ్చాక ఖాళీ చెయ్యమంటాడు. అలాంటిదే అయితే ఐదేళ్లకి రిజిస్టర్డ్ లీజు అడిగి చూడు. ఓనర్ ఏమన్నాడో, అగ్రిమెంట్‌లో ఏ తారీఖు ఉందో ఇక్కడ రాయి. షాపు మీద కొత్తగా డబ్బు పెట్టొచ్చా లేదా అనేది దాన్నిబట్టి చెప్తాను.